గృహవిషయములు: పెంపుడు కుక్కల మలభక్షణము

ఈ మాసమున మేము ముచ్చటింపబూనిన విషయము పదుగురిలో నోరెత్తి చెప్పుకొనదగినది కాదని కొందఱు తలంపవచ్చును. పూజ, వంట, శిశుపోషణము మొదలగు విషయముల నడుమ కుక్కమలము మాట యేలయని ముక్కు మూసికొనువారును నుందురు. కాని యింట జరుగునదెల్ల గృహిణి కంటబడక తప్పదు. కంటబడిన పిదప దాని సంగతి తెలిసికొనకుండుట యుపేక్షయే యగును. పెంపుడు కుక్క తన మలమును దానే తినుట చూచి నివ్వెఱపోయి, ఎవరితోను జెప్పుకొనలేక, చెప్పినచో కుక్కకు కూడైన బెట్టరు కాబోలు నని నలుగురు నవ్వుదురేమో యని వెఱచి, లోలోపల గ్రుంగు నిల్లాండ్రు పెక్కండ్రు గలరు. వారి కొఱకే యీ నాలుగు మాటలు.

ఒకప్పుడు మా చక్రాయపేట ప్రాంతమున కుక్క యనగా వాకిటి కావలికో, గొఱ్ఱెలమంద కావలికో యుండునదియే. అది పగలెల్ల వీధులను పొలములను దిరిగి, మిగిలిన సంగటిముద్ద తిని, రాత్రి యరుగుక్రింద బండుకొనెడిది. అది యెచ్చట మలవిసర్జనము చేసెనో, పిదప నేమి చేసెనో చూచువారు లేరు. ఇప్పు డట్లు గాదు. బెంగుళూరికిని హైదరాబాదునకును ఉద్యోగములకు బోయిన పిల్లలు ముచ్చటపడి కొన్న లాబ్రడారు, పొమరేనియను మొదలగు జాతికుక్కలు, వారు విదేశములకు బోవునపుడో, అద్దెయింటివారు వలదన్నపుడో, పల్లెలోని తల్లిదండ్రుల యింటికి వచ్చి చేరుచున్నవి. నాలుగు గోడల నడుమ గొలుసునకు గట్టబడి పెరుగు కుక్క చేయునదెల్ల మన కన్నుల యెదుటనే జరుగును. కావున ఈ యలవాటు నేడు పుట్టినదని తలపరాదు. నేడు మన కగపడుచున్నది, అంతియే.

అగపడిన తోడనే యిండ్లలో జరుగు పని యేమి? మొదట కేక, పిదప కఱ్ఱ. కొందఱు దాని మెడ వంచి మూతిని మలములో రుద్దుదురు. కొందఱు దాని నింటిలోనికి రానీయక యెండలో గట్టివేయుదురు. తుదకు, ఈ యపవిత్రపు కుక్క యింట నుండదగదని, రాత్రివేళ ఆటోలో నెక్కించుకొని పోయి పొరుగూరి పొలిమేరలో విడిచివచ్చువారును గలరు. ఇంట బెరిగిన జాతికుక్కకు వీధికుక్కలతో బోరాడి బ్రదుకు నేర్పు లేదు. వేసవిలో నీరు దొరకు తావు తెలియదు. వాహనముల రాకపోకల నెఱుగదు. పేరునకు విడిచిపెట్టుట యేగాని యది నిజమునకు మరణదండనమే. కావున మన మిప్పుడు విచారింపవలసినది మన రోతను మాత్రమే గాదు, ఒక ప్రాణి బ్రదుకును గూడ.

భారతము చదివిన సోదరీమణులకు ఆదిపర్వారంభమున వచ్చు సరమ వృత్తాంతము జ్ఞప్తియందుండును. జనమేజయుడు సత్రయాగము చేయుచుండగా నచ్చటికి వచ్చిన కుక్కపిల్లను అతని తమ్ములు గొట్టిరి. అది యేడ్చుచు బోయి తల్లితో జెప్పుకొనెను. దేవశునియైన సరమ వచ్చి, తన బిడ్డ హవిస్సును ముట్టలేదు గదా, ఏ తప్పునకు గొట్టితిరని యడిగెను. వారియొద్ద బదులు లేకపోయెను. తప్పు లేనివానిని దండించువారికి అనుకొనని భయము వచ్చునని చెప్పి యది వెడలిపోయెను. మన యింటి కుక్కపై కఱ్ఱ యెత్తుటకు ముందు మనమును ఆ ప్రశ్నకు బదులు వెదకికొనవలెను. ఈ పనిలో కుక్క చేసిన తప్పు ఎంత, దాని ప్రకృతి యెంత, మన యేమఱుపాటెంత?

ఈ విషయమును గూర్చి 2018లో అమెరికాదేశమున డేవిస్ నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన బెంజమిన్ హార్టను పశువైద్యాచార్యుడును, ఆయన సహచరులును ఒక పరిశోధనము ప్రకటించిరి. కుక్కలను బెంచువారిని వేలకొలది మందిని రెండు విడతలుగా నడిగి తెలిసికొన్న సంగతు లందు గలవు. ఆఱుసార్లో, అంతకు మించియో మలము తినుచు బట్టుబడిన కుక్కలు నూటికి 16 ఉన్నవట. అనగా నించుమించు ఆఱు కుక్కలలో నొకటి. మన వీధిలో ఆఱిండ్ల కుక్కలున్నచో వానిలో నొకదాని కీ యలవాటుండుట వింతగాదు. దాచికొనవలసినంత యవమానమును గాదు.

వారి పరిశోధనమున దేలిన మఱికొన్ని సంగతులు మనకు మిక్కిలి యుపయోగించును. కుక్క వయస్సునకును ఈ యలవాటునకును సంబంధము కనబడలేదు. పెట్టు తిండి యే రకమైనదను దానితోను సంబంధము కనబడలేదు. మలవిసర్జనపు వేళలను చోటులను త్వరగా నేర్చుకొన్న కుక్కలును తినుచున్నవి, ఆలస్యముగా నేర్చుకొన్నవియు దినుచున్నవి. ఆవురావురుమని తిండి తిను స్వభావము గల కుక్కలలోను, ఒకటికి మించి కుక్కలున్న యిండ్లలోను ఈ యలవాటు హెచ్చుగా గనబడినది. అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి: అవి తినునది చాలవఱకు రెండు దినములలోపలి క్రొత్తమలమే. ఎండి పాతబడినదాని జోలికి అవి యరుదుగా బోవును.

దీనికి ఆ యాచార్యుడొక కారణము నూహించెను. కుక్కలు తోడేళ్ల సంతతి. తోడేళ్లు గుహలలో, పొదరిండ్లలో పిల్లలను బెట్టి గుంపుగా నివసించును. సాధారణముగా దూరముగా బోయి మలవిసర్జనము చేయునవే యయినను, రోగముతోనున్న తోడేలో, ముసలిదో, గుహదగ్గఱనే చేసిన దినములుండును. ఆ మలములో క్రిములగ్రుడ్లుండును. చాలజాతుల క్రిములగ్రుడ్లు వెలువడినతోడనే యంటుకొనునవి కావు. అవి పొదిగి హానిచేయు స్థితికి వచ్చుటకు రెండు దినములు గాని, అంతకు మించి గాని పట్టును. ఆలోపుగా దానిని దినివేసినచో నివాసము శుభ్రమగును, పిల్లలకు క్రిములంటవు. ఆ నాటి గుహాశుద్ధియే నేడు మన పెరటిలో మన కేవగింపు గలిగించుచున్నదని యాయన యూహ. తోడేలునకు చీపురు పట్టు చేతులు లేవు, నోరొక్కటియే కలదు. ఈ మాట తెలిసినపిదప కుక్క మీది కోపము సగము చల్లాఱును.

ప్రకృతిసిద్ధమైనదే యనుటకు వేఱొక నిదర్శనము ప్రతి యింటను జూడవచ్చును. ఈనిన తల్లికుక్క మొదటి మూడు వారములు పిల్లల మలమూత్రములను నాకి తానే శుభ్రము చేయును. అంత పసిపిల్లలు తల్లి నాకనిదే మలమూత్రములు విడువనైన లేవు. ఆ తల్లిని జూచి యసహ్యించుకొని యదలించువారిని మేము చూచియున్నాము. అది యది చేయు బాలింతపని, దానిని మాన్పగూడదు. తల్లిని జూచి పెరుగు పిల్లలును, లోకమంతయు నోటితోనే పరీక్షించు వయస్సులో, కొంతకాలము దీని రుచి చూచును. వానిలో ననేకములు ఏడాది నిండునప్పటికి తమంతట దామే మానివేయును. ఆ నడిమికాలమున మనము కొట్టి, కేకలువేసి, వెంబడించి దానినొక యాటగా జేసితిమా, మానవలసిన యలవాటు నిలిచిపోవును.

అయినను ప్రకృతి యని చెప్పి యన్నిటిని వదలివేయగూడదు. కొన్నియెడల నిది రోగసూచనమై యుండును. ఎన్నడును లేనిది నడివయస్సు కుక్క క్రొత్తగా నీ పనికి దిగినచో మొదట వైద్యునకు జూపవలెను. తిండి విస్తారముగా దినుచున్నను దినదినము చిక్కిపోవుట, మలము పాలిపోయి, జిడ్డుగా, రాసులుగా వచ్చుట, ఇవి క్లోమగ్రంథి జీర్ణరసములను సరిగా స్రవింపనపుడు గనబడు చిహ్నములు. తిన్న తిండి జీర్ణముకాక యట్లే వెలువడుటచే ఆకలి తీఱదు. మలమును తిండివలెనే తోచును. దీనికి జీర్ణరసపు పొడులు తిండితో గలిపి పెట్టు చికిత్స గలదు. నీరు మితిమీఱి త్రాగుచు, మితిమీఱి మూత్రము విడుచుచున్నచో మధుమేహము మొదలగునవి యుండవచ్చును. దురదకొఱకు వాడిన స్టిరాయిడు మాత్రలు సైతము విపరీతమైన యాకలిని బుట్టించును. కడుపులో క్రిములు మెండైనపుడును ఇంతియే. మండలకేంద్రములందు ప్రభుత్వ పశువైద్యశాలలున్నవి. ప్రొద్దుటూరున శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందిన పశువైద్యకళాశాల గలదు. క్రొత్తమలమును చిన్న సీసాలో నుంచి తీసికొనిపోయినచో వైద్యులు సూక్ష్మదర్శినిలో జూచి క్రిములున్నది లేనిది చెప్పగలరు.

ఇక మన యేమఱుపాటువలన గలుగు కారణములు. మొదటిది యాకలి. మన పల్లెలలో కుక్కకు వేళ యనునది లేదు. అందఱు తినినపిదప మిగిలినది దాని పాలు. ఒకనాడు పెద్ద సంగటిముద్ద, మఱునాడు మజ్జిగనీరు. పెద్దజాతికుక్కకు ఇది చాలదు. ఉదయమొకసారి, సాయంకాలమొకసారి, నియమితవేళకు, దాని బరువునకు దగినంత పెట్టవలెను. అన్నమో సంగటియో మెత్తగా నుడికించి, దానిలో కోడిగ్రుడ్డో, ఎముకలు తీసిన మాంసమో, శాకాహారుల యిండ్లలో పెరుగో చేర్చవలెను. ఉల్లియు వెల్లుల్లియు కుక్కకు విషప్రాయములు గావున తాలింపువేసిన కూరలు కలుపగూడదు. తిండి మార్చినమాత్రమున ఈ యలవాటు పోవునని మేము చెప్పుటలేదు. కడుపు నిండిన కుక్కయు దినును. కాని యాకలిగొన్న కుక్కను మానుమనుట యన్యాయము.

రెండవది బంధనము. మూడు మూరల గొలుసునకు పగలెల్ల గట్టబడిన కుక్క తినునది, పడుకొనునది, విసర్జించునది యొక్కచోటనే. దానికి తన పడక శుభ్రపఱచుకొన వేఱు దారి లేదు. ప్రొద్దుపుచ్చుటకు వేఱు పని లేదు. ఉదయమును సాయంకాలమును అర్ధగంట చొప్పున దానిని నడపించినచో పడకకు దూరమున విసర్జించును, మనస్సునకు ఉల్లాసము గలుగును.

మూడవది దండనము. ఇంటిలోపల మలము విడిచినందులకు మూతిని దానిలో రుద్దబడిన కుక్క నేర్చుకొను పాఠమేమి? ఇంటిలో విడువగూడదని కాదు. మలము యజమానుని కంటబడినచో దెబ్బలు తప్పవని. అందువలన నది కంటబడకముందే దానిని మాయము చేయ జూచునని పశువైద్యులు చెప్పుదురు. మానుపబోయి మనమే నేర్పినట్లగును. కొట్టవలదని మేము చెప్పుట జాలిచేత మాత్రమే కాదు. కొట్టుట పని చేయదు గనుక.

మఱి మందులో? ఊరివారు చెప్పునది మలముమీద మిరపపొడియో, మిరియాలపొడియో చల్లుమని. బజారున నమ్మునవి తిండిలో గలుపు పొడులు, మాత్రలు; అవి మలమునకు చేదు రుచి గలిగించునట. అనాసపండు పెట్టుమనువారును గలరు. పైన జెప్పిన పరిశోధనమున అమెరికా బజారులలో నమ్ము పదునొకండు రకముల మందులను గూర్చి యడుగగా, అవి ఫలించినవని చెప్పినవారు నూటికి ఇద్దఱకు మించలేదు. కొన్నింటి విషయమున నొక్కరును లేరు. నేర్పుమాటలతో మాన్పించ జూచినవారిలో సైతము కృతార్థులు మిగుల దక్కువ. ఇక మిరపపొడి కుక్క నోటిని ముక్కును మండించుటకే గాని వేఱొందులకు గాదు. చల్లని చోట నది మఱల దినును. కావున ఆ పొడులకు బెట్టు రూకలు గ్రుడ్లకు బెట్టినచో కుక్కకైన బలము చేకూరును.

ఇందఱు చేసిన ప్రయత్నముల సారమొక్కటియే. కుక్క తినునది క్రొత్తమలము. అది యచ్చట లేకున్నచో తినజాలదు. పడినతోడనే, కుక్క వెనుదిరిగి చూచులోపల, దానిని దీసివేయుటయే నిశ్చయమైన యుపాయము. దీనికి దగిన క్రమమును వివరింతుము.

కుక్క చాలవఱకు నిద్ర లేచినపుడును, తిండి తినిన పావుగంట మొదలు అర్ధగంటలోపలను విసర్జనము చేయును. వారముదినములు గమనించినచో మీ కుక్క వేళలు మీకు దెలియును. ఆ వేళలకు ముందుగనే పట్టెడకు త్రాడు గట్టి, నియమితమైన యొకచోటికి నడపించుకొని పోవలెను. త్రాడు మీ చేత నుండవలెను. విడిచి చూచుచు నిలువగూడదు. అది పని ముగించిన క్షణముననే సంతోషస్వరముతో బేరుపెట్టి పిలిచి, మీ మోకాలి దగ్గఱకు రాగానే ఉడికిన గ్రుడ్డుతునకయో, దానికి మిక్కిలి ప్రియమైన మఱియొకటియో నోటికందీయవలెను. అది నమలుచుండగానే రెండడుగులు ఈవలికి దెచ్చి గట్టివేసి, మలమును దీసివేయవలెను. ఈ వరుస తప్పగూడదు: విసర్జనము, పిలుపు, బహుమతి, శుద్ధి. కొన్ని వారములు నడచినపిదప కుక్క పని ముగిసినతోడనే మలమువైపు దిరుగుటకు మాఱుగా మీ ముఖమువైపు దిరుగును. ఆ దినమునుండి సగము బరువు దిగినట్లే.

దీనితోబాటు వదులు అను మాటను నేర్పవలెను. పిడికిట దినుబండార ముంచుకొని కుక్క ముందు బట్టుడు. అది మూర్కొనును, నాకును, గోకును. మీరు పలుకక యుండుడు. విసిగి మొగము త్రిప్పినతోడనే వదులు అని, రెండవచేతినుండి వేఱొక తునక నీయుడు. పదిదినములు రోజునకు పదిసార్లు చేసినచో, వదులుటవలన దనకు మేలే కలుగునని దానికి దెలియును. పిదప దీనిని నేలమీది వస్తువులతోను, తుదకు వీధిలోను అభ్యసింపజేయవలెను. ఒక్క మాటతోనే మాన్పింపగలమని యాశపడగూడదని పైననే చెప్పితిమి. చేతి శుద్ధికి నోటిమాట తోడు మాత్రమే. ఎట్టి వేళను కేకలు వేయుచు పరుగెత్తగూడదు. మీరు పరుగెత్తినచో మీరును దానికొఱకే వచ్చుచున్నారని తలచి యది మఱింత త్వరగా మ్రింగును.

ఒకటికి మించి కుక్కలున్న యింట వేఱువేఱుగా బెట్టి, వేఱువేఱుగా నడపించుట మేలు. ఇంటిలో చంటిబిడ్డలున్నచో వారి మలమును కుక్క కందనీయక వెంటనే మరుగుదొడ్డిలో బోయవలెను. పూర్వము వాకిట గూర్చుండబెట్టి కుక్కకు విడిచెడి యలవాటు కొన్ని పల్లెలలో నుండెడిది. అది బిడ్డకును కుక్కకును గూడ హానికరము.

కొందఱు చిక్కము గట్టినచో సరిపోవునని యందురు. నూర్పిడివేళ యెద్దుమూతికి గట్టు చిక్కము వంటిదే కుక్కలకును దొరకును. కాని కుక్కకు మనవలె దేహమంతట చెమట పట్టదు. నోరు తెఱచి రొప్పుటచేతనే వేడిని బోగొట్టుకొనును. మా సీమ వేసవిలో మూతి బిగించి కట్టినచో ప్రాణమునకే ముప్పు. నోరు పూర్తిగా దెఱచుటకు వీలైన బుట్టవంటిదానిని నడపించు కొద్దిసేపు మాత్రమే, కంటియెదుటనే తొడుగవచ్చును. అదియును చిన్న జాలి గలదికానిచో మలము దానికంటి శుద్ధి మఱింత కష్టమగును.

ఇక శుద్ధి విషయము. పాపఘ్ని యేటిలో నీరు పాఱు దినములకంటె ఇసుక మాత్రమే మిగులు దినములే హెచ్చు గనుక, బిందెలకొలది కుమ్మరింపుడని మేము చెప్పజాలము. నీరక్కఱలేదు. మలముమీద పొయ్యిబూడిదయో పొడిమన్నో చల్లినచో తేమ పీల్చుకొని గట్టిపడును. పాత రేకుతోనో చిన్న పారతోనో ఎత్తి, కాగితమున జుట్టి, నూతికిని కూరమడులకును దూరముగా ద్రవ్విన మూతగల గుంటలో వేయవలెను. పెంటదిబ్బమీద వేసినచో కుక్క యచ్చటికే పోవును. ఆకుకూరల మడికి ఎరువుగా వేయనే కూడదు. మన యిండ్లకు భగవంతుడిచ్చిన సౌకర్యము కడపబండలు. బండపఱపుమీద మలము ఇంకదు. ఎత్తినపిదప చెంబెడు మరుగుచున్న నీరు పోసినచో చాలును. ఫినాయిలు వాసనను బోగొట్టును గాని క్రిములగ్రుడ్లలో ననేకమును జంపజాలదు. వేడినీటికే యవి లొంగును. మట్టి పెరడైనచో వెంటనే యెత్తుట మఱింత యవసరము, మట్టిలో నా గ్రుడ్లు నెలలకొలది సంవత్సరములకొలది యుండగలవు.

ఈ క్రిముల మాటయే మన బిడ్డలకు సంబంధించినది గావున కొంచెము వివరింతుము. కుక్కలలోని యేలికపాముల గ్రుడ్లు మట్టిలో రెండు మూడు వారములకు బలపడి, మట్టిలో నాడుకొని చేతులు కడుగుకొనని బిడ్డల కడుపులోనికి బోవును. అందు బుట్టిన క్రిములు దేహములో దిరుగుచు నొక్కొక్కప్పుడు కంటికిని జేటు దెచ్చును. మా ప్రాంతమున గొఱ్ఱెలు మెండు గావున వేఱొక భయమును గలదు. జాతరలకును పండుగులకును గొఱ్ఱెను గోసినపుడు, నీటితిత్తులున్న కాలేయమును ఊపిరితిత్తులను పనికిరావని పచ్చిగనే కుక్కకు విసరుదురు. వానినుండి కుక్కప్రేగులలో అతిసూక్ష్మమైన బద్దెపురుగులు పుట్టును. వాని గ్రుడ్లు మలములో వెలువడిన తక్షణమే మనుష్యుల కంటుకొనగలవు; వీనికి రెండు దినముల గడువు లేదు. మలము తిను కుక్క మూతికిని మీసములకును అవి యంటియుండును. ఆ మూతితో బిడ్డ ముఖము నాకినచో, బిడ్డ కాలేయమునందో ఊపిరితిత్తులయందో నీటితిత్తి పుట్టి సంవత్సరములకొలది తెలియకుండ బెరిగి, తుదకు శస్త్రచికిత్సవఱకు బోవచ్చును. కావున పచ్చి కాలేయాదులను కుక్కకు వేయగూడదు. అర్ధగంట బాగుగా నుడికించి వేయవచ్చును, లేదా లోతుగా బూడ్చవలెను.

క్రిములమందు విషయమున కాలనియమము గలదు. పిల్లలకు రెండు వారముల వయస్సునుండి పాలు మానువఱకు పక్షమున కొకసారియు, పిదప ఆఱు నెలలవఱకు నెల కొకసారియు, ఆపైన మూడు నెలల కొకసారియు నిచ్చుట సాధారణాచారము. బద్దెపురుగులకు ప్రాజిక్వాంటెల్ అను మందు వేఱుగా నుండవలెను. గొఱ్ఱెలున్న చోట నిది యెన్నాళ్ల కొకసారి యీయవలెనో వైద్యు నడిగి తెలిసికొనుడు. గొఱ్ఱెలకు దెచ్చిన మందును కొలత తెలియక కుక్కకు బోయుట ప్రమాదము. కొన్ని జాతులకు నది ప్రాణాంతకము. కుక్కను ముట్టిన చేతులను సబ్బుతో గడుగుకొనుట, దాని పళ్లెమును వేఱుగా నుంచుట, బిడ్డల ముఖము నాకనీయకుండుట, ఈ మూడును ఇంటి కట్టుబాట్లు కావలెను.

ఇంతవఱకు చదివిన సోదరి యొకతె, ఇదంతయు జేయవలసినది యెవరని యడుగును. ఆ ప్రశ్న న్యాయమైనది. ముచ్చటపడి కుక్కను దెచ్చునది కుమారుడు. వచ్చినవారికి జూపి మురియునది యజమానుడు. మలమెత్తునది మాత్రము ఇల్లాలు. వేకువనే లేచి కళ్లాపి చల్లి, పొయ్యి రాజేసి, బిడ్డలను బడికి బంపు తొందరలో ఆమె కుక్కవెంట బావుగంట నిలువలేదు. ఆ సందుననే కుక్క తన పని తాను చేసికొనును. పిదప ఆ కుక్కకు దెబ్బలు, ఆ యిల్లాలికి మాటలు. మేము పైన జెప్పిన క్రమము రెండు నెలలు తప్పక నడిచినగాని ఫలింపదు. ఆ రెండు నెలలు ఒక్కచేత జరుగవు. ఉదయపు నడక పురుషుల వంతు, సాయంకాలపుది పదియేండ్లు దాటిన పిల్లల వంతు గావలెను. త్రాడు పట్టినవారే పారయు బట్టవలెను. ఇట్టి పనిని బిడ్డలకు బెట్టినచో మైలయని పెద్దలు గొణుగుదురు. పని ముగించి స్నానము చేసినచో మైల పోవును. పెంచుకొన్న ప్రాణిని గాపాడు పనిలో చేయి మలినమగుటచేత మనుష్యుడు మలినుడు కాడు.

ఇంత చేసియు నలవాటు పూర్తిగా బోని కుక్కలును గొన్ని యుండును. అట్టిదానిని గూర్చియు నిరాశపడవలదు. వేళకు నడపించి, వెంటనే యెత్తివేసి, క్రిములమందు తప్పక యిచ్చుచున్నంతకాలము దానివలన మన యింటికి వచ్చు హాని స్వల్పము. దానిని వదలివేయవలెనని తోచునపుడు 1960వ సంవత్సరపు జంతుహింసానివారణ చట్టమును దలచుకొనుడు. ఆకలిదప్పులతో బాధపడునట్లుగా పెంపుడు జంతువును కారణము లేక విడిచిపెట్టుటయు, దానిని నిష్కారణముగా గొట్టుటయు ఆ చట్టముచేత నేరములు. నిజముగా బెంచుకొనలేని స్థితి వచ్చినచో, దాని యలవాటును దాచక చెప్పి, పెంచుకొనగలవారిని వెదకి యప్పగించుట ధర్మము.

రేపటినుండియే మొదలుపెట్టదలచిన సోదరీమణులు ముందు వారముదినములు కుక్క వేళలను కాగితముపై వ్రాసికొనుడు. ఈ లోపున క్రిములమందు వేయించుడు. త్రాడు, పార, బూడిదడబ్బా ద్వారమునొద్ద సిద్ధముగా నుంచుడు. ఇంటివారి వంతులు ఆ కాగితము క్రిందనే వ్రాసి గోడకు దగిలింపుడు. వచ్చు మాసమున, ఎండలు ముదిరినపుడు పెంపుడు జంతువులకును పిట్టలకును నీరును నీడను అమర్చు విధమును గూర్చి ముచ్చటింతుము.